హైదరాబాద్ వదిలి సొంతూరికి: సామాను సర్దే ముందు తేల్చుకోవాల్సినవి

నేను తెనాలి మనిషిని. పెళ్లయ్యాక చాలా ఏళ్లు హైదరాబాద్ ప్రగతినగర్‌లో కాపురం, ఒక కంపెనీలో పేరోల్ చూసే ఉద్యోగం. నాన్న పోయాక అమ్మ ఒక్కతే అయిపోయింది. బాగా ఆలోచించుకుని, పిల్లలతో సహా తెనాలి వచ్చేశాం. అప్పటినుంచి పాత కొలీగ్స్ ఫోన్ చేసి అడిగేది ఒకటే: "మేమూ వచ్చేద్దామనుకుంటున్నాం, ఏమంటావు?"

రమ్మనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఎలా తేల్చుకోవాలో మాత్రం చెప్తాను. ఇంట్లో ఐదుగురుంటే ఐదుగురికీ విడివిడిగా లెక్క కట్టాలి. ఒక్కళ్ల లెక్క తేలకపోయినా ఆ లోటు మిగతా నలుగురి మీదా పడుతుంది. నగరం మీద కోపంతో మాత్రం బయల్దేరకండి. ట్రాఫిక్, పొగ, ఎండాకాలం ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు, ఇవన్నీ నిజమే. కానీ అవి ఇల్లు మారడానికో, ఉద్యోగం మారడానికో కారణాలు. ఊరు మారడానికి అక్కడ మీకు ఏదో ఒకటి కావాలి, దాని పేరు మీరు చెప్పగలగాలి. నాకైతే అది అమ్మ.

ఎవరి ఊరికి వెళ్తున్నారు?

తెనాలి నేను పుట్టిన ఊరు. మా ఆయనకు అత్తారి ఊరు. ఆయనది కరీంనగర్ వైపు. చాలా ఇళ్లలో ఇది తిరగేసి ఉంటుంది: భర్త ఊరికి భార్య వెళ్తుంది. పదేళ్లు తన ఇంట్లో తన ఇష్టం వచ్చినట్టు వండుకుని, తన జీతం తాను చూసుకున్న ఆడమనిషి ఒక్కసారిగా అత్తగారి వంటింట్లోకి, ఆడపడుచుల రాకపోకల్లోకి వస్తుంది. ఎవరి ఊరైనా సరే, ఊరు కాని ఊరికి వచ్చే మనిషిని ముందు అడగాలి. అందరి ముందూ అడిగితే "మీ ఇష్టం" అనే అంటారు. విడిగా కూర్చోబెట్టి, చిన్న చిన్న ప్రశ్నలు అడగండి. సాయంత్రం ఆరింటికి ఎవరితో కూర్చుని మాట్లాడతావు? నీ చేతిలో నీ డబ్బు ఎంత ఉంటుంది? బండి తీసుకుని ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లగలవా? ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేస్తావు?

మా ఆయన సివిల్ సైట్ ఇంజినీరు. ఆయన రెండు షరతులు పెట్టారు. ఒకటి, అమ్మ ఇంట్లో కాకుండా వేరే ఇల్లు. రెండు, తన పని ముందు దొరకాలి, ఆ తర్వాతే కదలాలి. రెండూ న్యాయమే. అల్లుడు అత్తారింట్లో ఉంటే ఇల్లరికం అని ఎవరో ఒకరు అంటారు, ఆ మాట పిల్లల చెవిన పడుతుంది. అందుకే కొత్తపేటలో అమ్మ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో అద్దెకు దిగాం. పొద్దున కాఫీ అక్కడ, రాత్రి భోజనం ఎవరింట్లో వాళ్లకి. అమరావతి పనులు 2025లో మళ్లీ ఊపందుకున్నాయి కాబట్టి ఆయనకు అటువైపు ఒక కాంట్రాక్టరు దగ్గర సైటు పని దొరికింది. ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే నేను రాజీనామా రాశాను.

ఇంకో మనిషి ఉంది, మా అత్తమ్మ. కోడలు తల్లి దగ్గరికి వెళ్తుందంటే ఆవిడకు కష్టం కలగదా? ఫోన్‌లో చెప్పకుండా మేమిద్దరం వెళ్లి కూర్చుని చెప్పాం. "మరి నేనేం గావాలె బిడ్డా?" అంది. మా మరిది పక్క వీధిలోనే ఉంటాడు, అయినా ఆ ప్రశ్న తప్పు కాదు. దసరా, బతుకమ్మ సెలవులు ఎప్పుడూ కరీంనగర్‌లోనే అని మాట ఇచ్చాం. తెనాలి నుంచి కాజీపేట దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు, పిల్లలతో రోజంతా పడుతుంది. ఆ ప్రయాణానికయ్యే డబ్బు, సెలవులు కూడా లెక్కలో రాసుకున్నాం.

పెద్దవాళ్లు రమ్మంటున్నారా?

అమ్మ కోసం వెళ్తున్నాం కదా, అమ్మను అడిగేదేముంది అనుకుంటాం. అడగాలి. మా అమ్మ అన్న మాట ఇది: "నన్ను చూసుకోవడానికే వస్తున్నామంటే మాత్రం నాకు లేని జబ్బు తెచ్చిపెట్టినట్టే. మీకు ఇక్కడ ఉండాలనుంటే రండి." ఆవిడకు తన దినచర్య ఉంది. పొద్దున గుడి, మధ్యాహ్నం సీరియల్, సాయంత్రం అరుగు మీద ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లు. మేం వచ్చి అదంతా చెదరగొడితే ఆవిడకు చేసే మేలేంటి? ఏ పని మీరు చేస్తారు, ఏ పని ఆవిడే చేసుకుంటుంది, పనిమనిషిని పెట్టడమో మాన్పించడమో ఎవరి చేతిలో ఉంటుంది, బ్యాంకు పని ఎవరు చూస్తారు, ఇవి ముందే మాట్లాడుకోండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లనూ కలుపుకోండి. మీరు ఊళ్లో ఉన్నారంటే వైద్యం ఖర్చు, తిరుగుడు మొత్తం మీదేనని వాళ్లు అనుకునే అవకాశం ఉంది. ఎవరెంత పెట్టుకోవాలో ఒంట్లో బాగున్న రోజుల్లోనే తేల్చుకోవాలి.

సంక్రాంతి చూసి నిర్ణయం తీసుకోకండి

సంక్రాంతికి ఊరంతా ముగ్గులు, అరిసెలు, బెంగళూరు నుంచీ అమెరికా నుంచీ వచ్చిన పాత క్లాస్‌మేట్లు. కనుమ మర్నాడు అందరూ వెళ్లిపోతారు. మీరు ఉండబోయేది ఆ తర్వాతి ఊళ్లో. కాబట్టి ఆషాఢంలోనో, బడులు తెరిచి వానలు మొదలైన రోజుల్లోనో ఒక నెల వచ్చి, పని చేసుకుంటూ ఉండి చూడండి. వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి ఆ నెల తెచ్చుకోండి, సెలవు పెట్టి రావద్దు. సెలవులో ఏ ఊరైనా బాగుంటుంది.

ఆ నెలలో గమనించాల్సినవి కరెంటు, ఇంటర్నెట్, ఏకాంతం. కరెంటు పోతే ఎంతసేపు పోతోంది, లైన్‌మ్యాన్ ఫోన్ ఎత్తుతున్నాడా చూడండి. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లతోపాటు రౌటర్ కూడా ఉండాలి. ఫైబర్ కనెక్షన్ ఒకటి, వేరే కంపెనీ సిమ్‌తో ఫోన్ డేటా ఒకటి, రెండు దారులు పెట్టుకోండి. నేను ఇప్పుడు వ్యాపారుల తరఫున జీఎస్టీ రిటర్నులు వేస్తాను. నెలనెలా 11న, 20న గడువులు. ఆ రెండు రోజుల్లో నెట్ పోతే నా టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఏకాంతం గురించి ఎవరూ చెప్పరు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ చూసుకుంటున్నారంటే ఊళ్లో దాన్ని ఖాళీగా ఉండటం కిందే లెక్కేస్తారు. పదకొండింటికి మీటింగులో ఉండగా పెద్దమ్మ వచ్చి మంచం మీద కూర్చుంటుంది. ప్రేమతోనే వస్తుంది, లేచి వెళ్లమనలేం. తలుపు వేసుకునే గది తప్పనిసరి. మా ఇంట్లో అలాంటి గది కుదరక బోసు రోడ్డు వైపు చిన్న గది అద్దెకు తీసుకున్నాను. "ఆఫీసుకి వెళ్తున్నాను" అని చెప్పి తాళం తీసుకుని బయల్దేరితే అందరికీ అర్థమవుతుంది.

డబ్బు లెక్క

ఊళ్లో ఖర్చు సగమవుతుందని అందరూ అంటారు. రాసి చూడకుండా నమ్మకండి. నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి: ఆగిపోయే ఖర్చు, అలాగే ఉండే ఖర్చు, కొత్తగా మొదలయ్యే ఖర్చు.

మాకు ఆగిపోయినవి 22,000 అద్దె, 3,000 మెయింటెనెన్స్, ఆదివారం మాల్‌కి వెళ్తే అయ్యే ఖర్చు. ఇక్కడ అద్దె 11,000. అలాగే ఉన్నవి ఎల్‌ఐసీ, ఈఎంఐ, ఫోన్లు, అమ్మ మందులు, ఆన్‌లైన్ షాపింగ్. స్కూలు ఫీజు అనుకున్నంత తగ్గలేదు. కొత్తగా మొదలైనవి గుంటూరు, విజయవాడ తిరుగుళ్లు, ఇన్వర్టర్ బ్యాటరీ, హైదరాబాద్ రాకపోకలు. అన్నిటికన్నా పెద్దది శుభకార్యాల ఖర్చు.

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఫోన్‌పే చేసి "సెలవు దొరకలేదు పిన్నీ" అంటే సరిపోయేది. ఊళ్లో ఉన్నాక పెళ్లికి, గృహప్రవేశానికి, ఓణీల ఫంక్షన్‌కి, పెద్దకర్మకి మనిషి కనపడాలి. మా అమ్మ బీరువాలో నా పెళ్లినాటి చదివింపుల పుస్తకం ఇప్పటికీ ఉంది. ఎర్ర అట్ట, పేరు, ఊరు, ఎదురుగా అంకె. శుభలేఖ రాగానే అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ పేరు దగ్గర వేలు పెడుతుంది. అప్పట్లో వాళ్లు 516 చదివిస్తే ఇప్పుడు మనం ఎంత చదివించాలో, చీర పెట్టాలో వద్దో నోటితోనే తేల్చేస్తుంది. దీన్ని దండగ అనుకోకండి. నాన్న పోయిన రోజు కుర్చీలు, టెంటు, వచ్చినవాళ్లకు భోజనాలు అన్నీ ఆ పుస్తకంలో పేర్లున్న ఇళ్లవాళ్లే చూసుకున్నారు, మేం దేనికీ వెతుక్కోలేదు. కాకపోతే డబ్బు డబ్బే. మేం నెలకు 4,000 దీనికని పక్కన పెడతాం. శ్రావణం, మాఘంలో అది చాలదు, మూఢంలో మిగులుతుంది.

ఆదాయం వైపు చూస్తే, ఉన్న ఉద్యోగమే ఇంటినుంచి చేసుకోవచ్చని కంపెనీ అంటే, ఆ మాట ఈమెయిల్‌లో తెప్పించుకోండి. జీతం తగ్గిస్తారా, నెలకెన్నిసార్లు ఆఫీసుకు రావాలి, మేనేజర్ మారితే ఈ ఏర్పాటు ఉంటుందా అడగండి. సొంత పని మొదలుపెట్టేవాళ్లు ఉద్యోగంలో ఉండగానే నలుగురైదుగురు కస్టమర్లను కుదుర్చుకోండి. నాకు మొదట వచ్చినవాళ్లు దుగ్గిరాల పసుపు వ్యాపారులు, ఆ తర్వాత ఇక్కడి బట్టల షాపులవాళ్లు. పని చాలానే ఉంది, డబ్బు చేతికి రావడమే ఆలస్యం. "మనవాళ్లే కదమ్మా, పంటలు రానీ" అంటారు. మొదటి రోజే ఫీజు ఇంత, ఫలానా తేదీకి ఇవ్వాలి అని చెప్పి కాగితం మీద రాసివ్వడం అలవాటు చేసుకున్నాను. నా సంపాదన ఇప్పటికీ పాత జీతంలో సగం దాటలేదు. మీకూ అలాగే ఉంటుందనుకుని, ఇల్లు నడవడానికి ఏడాదికి సరిపడా డబ్బు చేతిలో ఉంచుకుని రండి. సేవలు అందించే పనైతే ఏడాదికి 20 లక్షల లోపు రాబడికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాబట్టి ఆ భయంతో వెనకాడకండి.

రాజీనామా తేదీ తొందరపడి వేయకండి. ఉద్యోగం మానేసినవాళ్ల ఫుల్ అండ్ ఫైనల్, అంటే చివరి బాకీల లెక్కలు ఎన్నో చేసిన చేతులతో చెప్తున్నాను. పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ వస్తుంది: చివరి బేసిక్‌ను (డీఏ ఉంటే కలిపి) 15తో హెచ్చించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. బేసిక్ 40,000 ఉంటే ఐదేళ్లకు దాదాపు 1,15,000. కొద్ది నెలల తేడాలో దాన్ని వదులుకుని వెళ్లినవాళ్లను చూశాను. పీఎఫ్ పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. దగ్గర్లో ఉంటే నిండేదాకా ఆగండి. పీఎఫ్ డబ్బు తీసి ఊళ్లో స్థలం కొనాలన్న ఆలోచన మాత్రం మొదటి ఏడాది పెట్టుకోకండి. కంపెనీ మీ ఎగ్జిట్ తేదీని పీఎఫ్ పోర్టల్‌లో ఎక్కించిందో లేదో చూసుకోండి.

ఆసుపత్రి

ఆరోగ్య బీమా రాజీనామాకు ముందే తేలాలి. కంపెనీ గ్రూప్ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుంటుంది, అది గ్రూప్ పాలసీ అమల్లో ఉండగానే అడగాలి. కొత్తగా తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బులకు డబ్బు ఇవ్వరు. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ఇది చాలా ముఖ్యం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, ఆ మేరకు భారం తగ్గింది.

జ్వరానికి, బీపీకి ఊళ్లో డాక్టర్లు చాలు. రాత్రి రెండింటికి గుండెనొప్పి వస్తే ఎక్కడికి? స్టెంట్ వేయగల ఆసుపత్రి ఏది, అక్కడ రాత్రిపూట డాక్టరు ఉంటారా అని అడిగి తెలుసుకుని, ఒక రాత్రి కారులో అక్కడిదాకా వెళ్లి రండి. దారిలో రైల్వే గేటు పడితే ఇంకో దారి ఏదో చూసుకోండి. మాకు గుంటూరు, మంగళగిరి ఎయిమ్స్ రెండూ అందుబాటు దూరంలో ఉన్నాయి కాబట్టి ధైర్యం చేశాం. అమ్మకు తరచూ డయాలసిస్ లాంటిది అవసరమై, ఊరు ఇంకా లోపల ఉంటే, నేను అమ్మనే హైదరాబాద్ తీసుకెళ్లేదాన్ని.

పిల్లలు ఏ తరగతిలో ఉన్నారు?

రాష్ట్రం మారేవాళ్లు దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. రాజ్యాంగంలోని 371-డి కింద రెండు రాష్ట్రాల్లోనూ వృత్తి విద్యా కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. స్థానికత తేల్చడానికి ముందుగా చూసేది అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు, అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు. రాష్ట్రం విడిపోయాక పదేళ్లు నడిచిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. పదో తరగతిలోనో, ఇంటర్ మధ్యలోనో పిల్లల్ని ఇటు మారిస్తే ఆ నాలుగేళ్లు ముక్కలవుతాయి. ఆంధ్రప్రదేశ్ లోపలే మారేవాళ్లకు కూడా ఆంధ్రా యూనివర్సిటీ, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతాల తేడా ఉంది. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకైతే 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు దాకా చదువులో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు.

అందుకే మా పాప ఏడో తరగతి అయ్యాక కదిలాం. తొమ్మిదికి వచ్చేసరికి ఇక్కడ కుదురుకుంటుంది, ఏడు దాకా అక్కడ చదివిన చదువూ వృథా కాదు. ఇప్పటికే తొమ్మిదో తరగతి దాటిన పిల్లలుంటే, నన్నడిగితే ఇంటర్ అయ్యేదాకా ఆగమంటాను. తప్పదంటే ఒకళ్లు పిల్లలతో అక్కడ ఉండి, ఒకళ్లు ముందు రావచ్చు. ఏ ఏటి నిబంధనలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చదువుకోండి, మారుతూ ఉంటాయి. రిజర్వేషన్ వర్తించే కుటుంబాలు ఇంకో విషయం చూసుకోవాలి: కుల ధ్రువపత్రం సాధారణంగా తండ్రి స్వస్థలాన్ని బట్టి ఉంటుంది, పొరుగు రాష్ట్రంలో అది అలాగే చెల్లుతుందని అనుకోకూడదు. ముందే తహసీల్దార్ ఆఫీసులో అడగండి.

ఇక పిల్లల మనసు. మా వాడు చిన్నవాడు, వారంలో వీధిలో క్రికెట్ జట్టు దొరికింది. పాపకు అలా కాలేదు. "నీ భాష తెలంగాణలా ఉంది" అని క్లాసులో అంటే ఇంటికొచ్చి ఏడ్చింది. అది వాళ్ల నాన్న భాష. ఆయన ఏమీ అనలేదు కానీ ఆ రాత్రంతా ముభావంగానే ఉన్నారు. నేను టీచర్‌ని కలిసి మాట్లాడాను, ఆవిడ సర్దిచెప్పారు. పాత స్నేహితురాళ్లతో వీడియో కాల్స్‌కు అడ్డు చెప్పలేదు, వేసవిలో వాళ్ల దగ్గరికి పంపాం. కుదురుకోవడానికి ఏడాది పట్టింది.

ఇల్లు, పొలం

హైదరాబాద్‌లో సొంత ఫ్లాట్ ఉంటే అమ్మకండి, అద్దెకివ్వండి. కనీసం రెండేళ్లు గడవనివ్వండి. తర్వాత అమ్మినా, లాభం మీద పన్ను తగ్గాలంటే ఆ డబ్బుతో రెండేళ్లలో వేరే ఇల్లు కొనాలి, లేదా మూడేళ్లలో కట్టుకోవాలి. పొలం కొంటే ఇల్లు అమ్మిన లాభానికి ఆ మినహాయింపు రాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఊళ్లో నాన్నగారి పొలం ఉందని ధైర్యంగా వచ్చేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. కౌలు నెలజీతం లాంటిది కాదు, పంట ఇంటికొచ్చాకే వస్తుంది, తుఫాను వచ్చిన ఏడాది కౌలు రైతును గట్టిగా అడగడానికి నోరు రాదు. పొలం ఎవరి పేరున ఉందో ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో 1బి, అడంగల్ తీసి చూసుకోండి, దాని మీద అమ్మకాలు, తాకట్లు ఏమైనా ఉన్నాయేమో తెలియడానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించండి. వాటాలు తేలని ఆస్తి ఉంటే, మీరు ఊళ్లో దిగగానే అందరూ దాని గురించే మాట్లాడతారు. అది తేల్చుకున్నాకే సామాను లారీకి చెప్పండి.

వెనక్కి వెళ్లే దారి

మేమిద్దరం నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాం: ఏ పరిస్థితి వస్తే హైదరాబాద్ తిరిగి వెళ్లిపోవాలి. ఆయనకు వరసగా ఆరు నెలలు పని లేకపోతే. పాప చదువులో వెనకబడితే. చేతిలో ఉంచుకున్న డబ్బు సగానికి పడిపోతే. ప్రతి వేసవి సెలవులకు ముందు ఆ పేజీ తీసి, పిల్లలతో సహా కూర్చుంటాం. ఇలా రాసుకుంటే రోజూ "వచ్చి మంచిపని చేశామా" అని మథనపడక్కర్లేదు.

అన్నీ చూసుకుని వెళ్దామనే తేలితే, కదిలే ముందు కాగితాలు: పిల్లలు చదివిన ప్రతి స్కూలు నుంచీ తరగతివారీ స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, రికార్డ్ షీటు తీసుకోండి. స్కూళ్లు మూతపడితే తర్వాత దొరకవు. కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్, ఫారం-16. బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే మళ్లీ రిజిస్టర్ చేయించాలి, దానికి పాత ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. లోన్ మీద ఉన్న బండైతే బ్యాంకు ఎన్‌ఓసీ కూడా కావాలి, దానికి ముందుగానే అర్జీ పెట్టుకోండి. ఆధార్‌లో చిరునామా మార్పు, ఓటు మార్చుకోవడానికి ఫారం-8, గ్యాస్ కనెక్షన్ ట్రాన్స్‌ఫర్ వచ్చాక చూసుకోవచ్చు. అయితే ఆధార్ ముందు చేయించండి, మిగతావాటికి అదే అడుగుతారు.